గ్యాలనుకు ఇరవై రెండు మైళ్లు

శనివారం పొద్దున ఎల్డన్ ఫ్రిష్‌కు మూడు పనులున్నాయి. బంకుకు వెళ్లి పికప్పు ట్యాంకు నింపాలి. గ్యాలనుకు ఎన్ని మైళ్లు వచ్చాయో లెక్క కట్టాలి. ఐలీన్ హోటల్లో కాఫీ తాగాలి. మూడో పని ప్రశాంతంగా జరగాలంటే రెండో పనిలో అంకె బాగుండాలి. ఎందుకంటే ఆ హోటల్లో ఆయన భార్య వెర్లా వాళ్ల అన్నయ్య లైల్ కూర్చుని ఉంటాడు.

ఎల్డన్‌దీ లైల్‌దీ ఒకే రకం పికప్పు. 1976లో ఇద్దరూ ఒకే రోజు, ఒకే దుకాణంలో, ఒకే ఆకుపచ్చ రంగు ఫోర్డులకు ఆర్డరు రాయించారు. తేడా ఇంజనులో ఉంది. లైల్ ఆరు సిలిండర్లది తీసుకున్నాడు. ఎల్డన్ కూడా అదే తీసుకుంటానని భార్యకు చెప్పి వెళ్లి, ఎనిమిది సిలిండర్లది, నాలుగు వందల అరవై క్యూబిక్ అంగుళాలది రాయించి వచ్చాడు. ఆ దుకాణంలో అంతకన్నా పెద్దది లేదు. సంగతి వెర్లాకు బండి ఇంటి ముందుకొచ్చి చప్పుడు చేసినప్పుడు తెలిసింది. వాళ్ల కాపురంలో ఉన్న గొడవ అదొక్కటే. ఒక్కటే కాబట్టి ఇద్దరూ దాన్ని ముప్పై రెండేళ్లుగా జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చారు.

2008 వేసవిలో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో పెట్రోలు గ్యాలను నాలుగు డాలర్లయింది. వాళ్లుండే ఆర్డెల్ ఊళ్లో సగం మంది పికప్పులు అమ్మేసి చిన్న కార్లు కొన్నారు. ఆ శనివారం ఎల్డన్ టోపీ పెట్టుకుని బయలుదేరుతుంటే వెర్లా వంటగదిలోంచి పిలిచింది.

"ఎల్డన్, తిరనాళ్లు ఎప్పుడు?"

"ఆగస్టులో. ఎప్పుడూ ఆగస్టులోనేగా."

"అప్పటిదాకా టైమిస్తున్నా. మనం కొని పోసే ప్రతి గ్యాలనుకూ ఆ బండి పదిహేను మైళ్లు ఇవ్వాలి. ఇవ్వకపోతే అమ్మేద్దాం."

"పదిహేనా? దానికి తొమ్మిదీ పదీ వస్తేనే గొప్ప."

"నాకది ముప్పై రెండేళ్లుగా తెలుసు. నీ నోటితో వినడం ఇదే మొదటిసారి."

ఎల్డన్ బయటికి వచ్చాడు. బానెట్టు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. ఆయనకు తాగుడు లేదు, పేకాట లేదు. ఆ ఇంజను ఒక్కటే ఉంది. దానితో మొక్కజొన్న బండిని మెట్ట మీదికి లాగించినప్పుడు పక్కన కూర్చున్నవాడి మాట ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దం ఆయనకు ఇష్టం.

హోటల్లో సంగతి చెప్పేసరికి లైల్ కుర్చీ ఆయన వైపు తిప్పుకున్నాడు.

"బావా, నేనొక మాట చెప్తా. బండిని బంకు దగ్గరే గుంజకు కట్టేయ్. మేత దగ్గరుంటుంది."

"నీ బండి మైలేజీ ఎంత బావా?"

"పదిహేడుకు తగ్గదు. ముప్పై రెండేళ్లుగా పదిహేడే. వెనక తొట్టి చూశావా? గీత కూడా పడలేదు. బండిని వాడుకోవడం తెలియాలి."

పక్క టేబులు దగ్గర గస్ వాండ్రా 'పై' అనే తీపి రొట్టె ముక్క తింటున్నాడు. ఆయనకు ఊళ్లో అందరి విషయాల్లోనూ అభిప్రాయం ఉంటుంది. "మా నాన్న యాక్సిలరేటరు కింద కోడిగుడ్డు ఉన్నట్టు తొక్కేవాడయ్యా" అన్నాడు. "పెట్రోలు తాగేది ఇంజను కాదు, పాదం."

ఎల్డన్ ఆ మాట పట్టుకున్నాడు. స్పార్క్ ప్లగ్గులు మార్చాడు, కార్బ్యురేటరు విప్పి కడిగాడు, టైర్లలో గాలి పెంచాడు. మరుసటి శనివారం పదిన్నర మైళ్లు వచ్చాయి. అప్పుడు తన బూట్ల వైపు చూసుకున్నాడు. అవి గోదాము పనికి వేసుకునే బూట్లు. ముందు ఇనుప తొడుగు, కింద రెండంగుళాల అడుగు. ఆ అడుగుతో గుడ్డు ఉందో లేదో తెలిసే వీలు లేదు. సోమవారం నుంచి ఆయన కుడి బూటు విప్పి సీటు మీద పెట్టుకుని, మేజోడు కాలితో బండి నడపడం మొదలుపెట్టాడు.

ఆ శనివారం పద్నాలుగు మైళ్లు వచ్చాయి. తర్వాతి శనివారం పంతొమ్మిది. ఆ తర్వాతి శనివారం పంపు ముక్కు ట్యాంకులో పెట్టిన కాసేపటికే టక్కుమని ఆగిపోయింది. ఎల్డన్ లెక్క కట్టాడు, మళ్లీ కట్టాడు. ఇరవై రెండు.

ఆయనకు తెలియనిది ఒకటి ఉంది.

ఆర్డెల్‌లో బండి తాళం బండిలోనే ఉంటుంది. అవసరం పడ్డవాడు తీసుకెళ్తాడు. అడగడం మర్యాద కాదు. అడిగితే అవతలివాడు లేదనలేడు, మనిషిని అలా ఇరుకున పెట్టకూడదు. వాడుకున్నదానికన్నా కాస్త ఎక్కువ పెట్రోలు పోసి, తీసిన చోటే పెట్టేయాలి. పోశానని చెప్పడం అంతకన్నా అమర్యాద. అది డబ్బా కొట్టుకోవడం. ఈ రెండు మర్యాదల వల్ల ఎవరి బండి ఎవరు తీసుకెళ్లారన్నది ఊళ్లో ఎవరికీ తెలియదు.

ఈ ఆనవాయితీ ఎల్డన్‌కూ తెలుసు. కానీ తన బండిని ఎవరూ ముట్టరని ఆయన నమ్మకం. దాని దాహం గురించి లైల్ ఇన్నేళ్లుగా ఊరంతా చాటాడు మరి. పైగా ఆయన పని సహకార సంఘం గోదాములో, కాటా గదిలో. పొద్దున వెళ్లి గోదాము వెనక బండి పెడితే సాయంత్రం దాకా దాని ముఖం చూడడు. పెట్రోలు ముల్లు ఏనాడో సగం దగ్గర ఇరుక్కుపోయింది.

ఇంతలో ఊళ్లో చిన్న కార్లు పెరిగాయి. చిన్న కారులో ఫ్రిజ్ పట్టదు, బంగాళాదుంపల బస్తాలు పట్టవు, చర్చి వాళ్లు పేదలకు పంచే తిండి డబ్బాలు పట్టవు. పెట్రోలు ధర పెరిగేకొద్దీ గోదాము వెనక ఉన్న బండికి పని పెరిగింది. పని పెరిగేకొద్దీ ఎల్డన్ మైలేజీ పెరిగింది.

గుర్తులు లేకపోలేదు. సీటు ముందుకు జరిగి మోకాళ్లు స్టీరింగుకు తగిలేవి. పాత సీటు, బ్రేకు వేస్తే జారుతుందనుకున్నాడు. రేడియో పెడితే కీర్తనలు వచ్చేవి. గతుకుల్లో ముల్లు కదిలిందనుకున్నాడు. మంగళవారాలు బండి పందుల వాసన వేసేది. ఆ కౌంటీలో గాలి ఎటు వీచినా పందుల వాసనే, దాని గురించి ఆలోచించేవాడు ఉండడు.

వెర్లాకు మాత్రం ఒక అనుమానం వచ్చింది.

"గోదాముకు తొమ్మిది మైళ్లు. వారానికి రెండు వందల నలభై మైళ్లు ఎక్కడ తిరుగుతున్నావు?"

"మైలేజీ బాగుంటే తిరిగినట్టు తెలియదు వెర్లా."

"ఎవరైనా ఉన్నారా?"

"ఎక్కడ?"

వెర్లా ఆయన్ను, ఆయన కుడి మేజోడును చూసి, ప్రశ్న వెనక్కి తీసుకుంది.

ఇరవై రెండు సంగతి హోటల్లో చెప్పగానే లైల్ కాఫీ కప్పు కింద పెట్టాడు. "నాలుగు వందల అరవైకా? బావా, నీకు ఎండదెబ్బ తగిలింది."

"రసీదు చూడు. ఓడోమీటరు బయట ఉంది, అదీ చూడు."

లైల్ వెళ్లి చూసి వచ్చాడు. రసీదు సరిగానే ఉంది, ఓడోమీటరు సరిగానే ఉంది. తన పై ముక్క తినకుండానే వెళ్లిపోయాడు. హోటలు యజమాని ఐలీన్ ఆ ముక్కను ఎల్డన్ ముందు పెట్టింది.

వారం తిరిగేసరికి ఊళ్లో మగాళ్లు కుడి బూట్లు విప్పేశారు. బంకు ముందు ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడుతో కుంటుతూ పెట్రోలు పోసుకునేవాళ్లు కనిపించారు. ఐలీన్ హోటలు గుమ్మం దగ్గర, ఒంటి బూట్లు పెట్టుకోవడానికి పెట్టె పెట్టింది. పాస్టర్ హోల్ట్ ఆదివారం ప్రసంగంలో, దేవుడిచ్చిన బలాన్ని మెత్తటి పాదంతో వాడుకోవాలంటూ ఎల్డన్ పేరు తీసుకున్నాడు. కౌంటీ రేడియో వాళ్లు ఫోను చేసి రహస్యం అడిగారు.

"ఇంజను పెద్దదైతే పాదం చిన్నబోవాలి" అని ఎల్డన్ చెప్పాడు. ఆ మాట మూడు రోజులు రేడియోలో వచ్చింది.

ఇన్ని బూట్లు విప్పినా ఇంకెవరి బండీ ఒక్క మైలు కూడా ఎక్కువ ఇవ్వలేదు. మొదట నోరు విప్పింది గస్.

"నాకు జలుబు వచ్చింది. మైళ్లు రాలేదు. ఎల్డన్, నిజం చెప్పు. ట్యాంకులో ఏం కలుపుతున్నావు?"

"కలపడమా? ఏం కలపాలి?"

"అదే నేనూ అడుగుతున్నా."

లైల్ ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు లేచాడు. "మాటలెందుకు. తిరనాళ్ల మొదటి రోజు పొద్దున పందెం వేద్దాం. నా ఆరు, నీ ఎనిమిది. ట్యాంకులకు సీలు. కౌంటీ కేంద్రం దాకా వెళ్లి రావాలి. ఎవరికి ఎంత వస్తే అంత."

"సరే బావా. నీ బూటు సంగతేమిటి?"

"నేను బూటు వేసుకునే నడుపుతా. నేను మనిషిని."

తిరనాళ్ల కమిటీకి అధ్యక్షురాలు ఐలీనే. ఆమె అక్కడికక్కడే పందెం ఖాయం చేసింది. అనుమానాలు రాకుండా పందేనికి వారం ముందు నుంచి ఎల్డన్ బండి ఊరి ఫైరింజను షెడ్డులో ఉండాలని, తాళం తన దగ్గరే ఉండాలని చెప్పింది. ఆ ఊళ్లో బండికి తాళం వేయడం అదే మొదటిసారి. తాళం కప్ప కోసం పక్క ఊరికి వెళ్లాల్సి వచ్చింది.

ఇంట్లో వెర్లా ఈ వార్త విని అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో "అమ్మకానికి" అని రాసి ఫ్రిజ్ పక్కన నిలబెట్టింది.

"ముందే రాసేశావా?"

"రంగు ఆరాలిగా. పదిహేను వస్తే చించేస్తా. రాకపోతే అదే రోజు అద్దానికి పెడతా. ఇద్దరం ఒప్పుకున్నదే."

ఎల్డన్ ఆ వారం ప్రశాంతంగానే ఉన్నాడు. అంకె మీద ఆయనకు అనుమానం లేదు. ప్రశాంతత లేనిది ఊరికి. పాస్టర్ కాటా గదికి వచ్చి, షెడ్డు తాళం గురువారం కాసేపు తీస్తారా అని అడిగాడు. ఎందుకని ఎల్డన్ అడిగితే, బండిని ఆశీర్వదిద్దామని అన్నాడు. ఐలీన్ హోటల్లో బంగాళాదుంపలు అయిపోయాయి. తాళం ఆమె జేబులోనే ఉంది, కానీ షెడ్డు తలుపుకు వేసిన సీలు మీద సంతకం కూడా ఆమెదే. పందేన్ని రెండు రోజులు ముందుకు జరపమని లైల్ రెండుసార్లు అడిగాడు. కారణం చెప్పలేదు. బావకు భయం పట్టుకుందని ఎల్డన్ వెర్లాతో అన్నాడు.

పందెం రోజు పొద్దున ఐలీన్ రెండు ట్యాంకులూ అంచుదాకా నింపించి, మూతల మీద టేపు అంటించి, దాని మీద సంతకం చేసింది. లైల్ పక్కన సాక్షిగా పాస్టర్ ఎక్కాడు. ఎల్డన్ పక్కన గస్ ఎక్కాడు. ఎల్డన్ ఆ రోజు రెండు బూట్లూ విప్పేశాడు.

"రెండోది ఎందుకు?" అని గస్ అడిగాడు.

"ఇవాళ ఏదీ తక్కువ కాకూడదు."

దారంతా ఆయన యాక్సిలరేటరును పసిపిల్ల వీపు నిమిరినట్టు తొక్కాడు. మొక్కజొన్న కోత యంత్రం ఒకటి వాళ్లను దాటుకుని వెళ్లింది. నడిపేవాడు చెయ్యి ఊపాడు, గస్ ముఖం అటు తిప్పుకున్నాడు.

తిరిగి వచ్చాక తిరనాళ్ల మైదానం ముందు పంపు దగ్గర జనం గుమిగూడారు. లైల్ ట్యాంకులో పోసి లెక్క కట్టారు. పదిహేడున్నర. తర్వాత ఎల్డన్ ట్యాంకులో పంపు ముక్కు పెట్టారు. అంకెలు తిరుగుతూ లైల్ అంకెను దాటాయి. ఆగలేదు. ఎల్డన్ పంపు వైపు చూడటం మానేసి, చేతిలో ఉన్న బూట్ల వైపు చూశాడు. పంపు ఆగాక ఐలీన్ లెక్క కట్టి, అంకె చెప్పడానికి కాస్త తటపటాయించింది.

"తొమ్మిది."

"గాలి ఎదురుగా ఉంది" అన్నాడు ఎల్డన్.

"పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఎదురేనా?" అన్నాడు గస్.

ఎవరూ గట్టిగా నవ్వలేదు. వెర్లా అట్టముక్క తెచ్చి వైపరు కింద దోపింది. ఆమె ముఖంలో గెలిచినట్టు ఏమీ లేదు. ఎల్డన్ బండి మెట్టు మీద కూర్చుని బూట్లు తొడుక్కున్నాడు. కుడి బూటు లేసు కట్టడానికి చాలాసేపు పట్టింది.

"అంకెలు నిజమే వెర్లా" అన్నాడు నెమ్మదిగా. "ఇరవై రెండు వచ్చింది. నేను కల్పించలేదు."

"తెలుసు. నీకు కల్పించడం రాదు. అదే నాకు అర్థం కాలేదు."

లైల్ దగ్గరికొచ్చాడు. ముప్పై రెండేళ్ల వాదన గెలిచినవాడు ఒక మాటైనా అనాలి. ఆయన మాత్రం అట్టముక్కను చూస్తున్నాడు.

"బావా, అమ్మడం ఇవాళేనా?"

"కొనేవాడొస్తే ఇవాళే."

"మధ్యాహ్నం తర్వాత అమ్ము."

"ఎందుకు?"

"పన్నెండు లోపు పందుల్ని ప్రదర్శన పాకలోకి చేర్చాలి. వారం నుంచీ దారి వెతుకుతున్నా. లేకపోతే నా పేరు కొట్టేస్తారు."

"చేర్చు. నా బండికీ దానికీ ఏమిటి సంబంధం? నీ బండి ఉందిగా."

లైల్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "ట్రైలరు తగిలిస్తే అది నది గట్టు ఎక్కదు."

గస్ మెల్లగా ముందుకు వచ్చాడు. "ఎక్కదా? మరి మంగళవారం మంగళవారం నీ పందులు మార్కెట్టుకు నడిచి వెళ్తున్నాయా?"

లైల్ నేల వైపు చూసి గోదాము వైపు గడ్డం ఎగరేశాడు. "ఇదివరకు ఎవరి పికప్పో దొరికేది. ఈ వేసవిలో మిగిలింది గోదాము వెనకదే. నేను ఊరికే తీసుకెళ్లలేదు. పోయాల్సినదానికన్నా ఎక్కువే పోశాను."

"మంగళవారం వాసన" అన్నాడు ఎల్డన్, ఎవరితోనూ కాదు.

పాస్టర్ దగ్గాడు. "ఒప్పుకోలు మొదలైంది కాబట్టి చెప్తున్నా. గురువారాలు పేదల డబ్బాలకు నేను తీసుకెళ్లేవాణ్ని. నేనొక్కణ్నే అనుకున్నాను. నేను పోసే రెండు గ్యాలన్లతో అంత తేడా వస్తుందని అనుకోలేదు."

"బుధవారం నేను" అంది ఐలీన్. "బంగాళాదుంపలకు. సీటు వెనక్కి జరపడం మర్చిపోయేదాన్ని, ఏమనుకోకు ఎల్డన్."

అందరూ గస్ వైపు తిరిగారు.

"నావైపు ఎందుకు చూస్తారు? మా చెల్లెలి పియానో. ఒక్కసారే. సరే, మరో చెల్లెలి పియానో కూడా."

"నీకున్నది ఒక్క చెల్లెలే కదా."

"తిరిగి తేవాల్సి వచ్చింది. గుమ్మంలో పట్టలేదు."

ఇంకా నలుగురు చేతులెత్తారు. ఒకరినొకరు, చర్చిలో తమ బెంచీలో కూర్చున్న పరాయివాణ్ని చూసినట్టు చూసుకున్నారు. ఎల్డన్ లేచి నిలబడ్డాడు. నెలన్నరగా తన కుడి పాదానికి ఇచ్చిన గౌరవమంతా పాస్టర్‌దీ, పందులదీ, పియానోదీ అని ఆయనకు అర్థమైంది. కోపం రావాలనుకున్నాడు. రాలేదు. దానికి బదులు ఒక ఆలోచన వచ్చింది.

"అయితే బావా, ఈ ముప్పై రెండేళ్లలో నీ బండి మీద ఎప్పుడైనా ఒక్క పంది ఎక్కిందా?"

లైల్ తన బండి వైపు చూశాడు.

"గీత పడని తొట్టి" అన్నాడు గస్. "ఖాళీ బండి పదిహేడు ఇవ్వక ఏం చేస్తుందయ్యా. బరువంతా బావ మోశాడు, పేరు నువ్వు మోశావు."

వెర్లా ఇంతసేపూ వేళ్ల మీద ఏదో లెక్క కడుతోంది.

"ఎల్డన్, మనం కొని పోసిన పెట్రోలుకు ఆ బండి ఎన్ని మైళ్లు తిరిగింది?"

"మనం పోసినదానికా? ఇరవై రెండు. కానీ అది..."

"నేను అడిగింది పదిహేను." ఆమె వైపరు ఎత్తి అట్టముక్క తీసి రెండుగా చించింది. "మనం కొని పోసే ప్రతి గ్యాలనుకూ అన్నాను. మిగతా వాళ్లు పోసేదాని గురించి నేనేమీ అనలేదు."

"వెర్లా, అది అన్యాయం" అన్నాడు లైల్. "పందెంలో తొమ్మిదే వచ్చింది. నువ్వు నా చెల్లెలివి, నువ్వే ఇలా అంటే ఎలా?"

"నీ పందుల్ని ఎలా తోలుకెళ్తావు అన్నయ్యా?"

లైల్ మైదానం గడియారం వైపు చూశాడు. పదకొండు దాటింది.

"నిజమే" అన్నాడు. "ఒప్పందం ఒప్పందమే. పదిహేను అన్నావు, ఇరవై రెండు వచ్చింది."

పన్నెండుకు కాస్త ముందు, నాలుగు వందల అరవై ఇంజను ట్రైలరుతో నది గట్టు ఎక్కుతున్న చప్పుడు తిరనాళ్ల మైదానం దాకా వినిపించింది. ఎల్డన్ నడిపాడు, లైల్ పక్కన కూర్చున్నాడు. గట్టు సగం ఎక్కేసరికి లైల్ మాట ఆగిపోయింది. ఎల్డన్ అది గమనించాడు. సాయంత్రం మైలేజీ పందెం బహుమతిగా ఐలీన్ చేసిన తీపి పై ఒకటి లైల్‌కు వచ్చింది. పందులకు ఏమీ రాలేదు.

ఊళ్లో మగాళ్లు మళ్లీ రెండు బూట్లూ తొడుక్కున్నారు. ఇకమీదట అడిగి తీసుకెళ్లాలని కానీ, పోసింది చెప్పాలని కానీ ఎవరూ అనలేదు. మంగళవారం ఎల్డన్ గోదాము వెనక బండి పెట్టి, తాళం అందులోనే వదిలి, కాటా గదిలోకి వెళ్లాడు. సాయంత్రం వచ్చేసరికి బండి పెట్టిన చోటే ఉంది. మూత తీసి చూస్తే ట్యాంకు నిండా ఉంది. పందుల వాసన వేస్తోంది. సీటు మీద కుడి కాలి బూటు ఒకటి ఉంది. అది ఎల్డన్‌ది కాదు.

ఆయన దాన్ని తీసుకెళ్లి లైల్ గుమ్మం ముందు పెట్టి, బెల్లు కొట్టకుండా వచ్చేశాడు. చెప్పడం మర్యాద కాదు.